పద్దెనిమిది నిండేలోపు: హోమ్‌లో పెరిగే పిల్లలను బయటి బతుకుకు సిద్ధం చేయడం ఎలా

బాలసదనంలోనో చిల్డ్రన్స్ హోమ్‌లోనో పెరిగిన పిల్లకు పద్దెనిమిది నిండాయంటే తిండి, పడక, ఫీజు, మందులు, కసిరేవాళ్లు, బుజ్జగించేవాళ్లు అన్నీ ఒక్కసారే మారిపోతాయి. ఇంట్లో పెరిగినవాళ్లు పాతికేళ్లు వచ్చేదాకా నిదానంగా నేర్చుకునే పనులు ఈ పిల్లలు వారం పది రోజుల్లో నేర్చుకోవాలి. "ఆ అమ్మాయి గట్టిది, ఎక్కడున్నా బతికేస్తుంది" అని మనం తేలిగ్గా అనేస్తాం. గట్టితనం వట్టినే రాదు. ఎప్పుడూ అందుబాటులో ఉండే ఒక పెద్దమనిషి, చిన్న చిన్న నిర్ణయాలు తానే తీసుకున్న అనుభవం, చేతిలో సరైన కాగితాలు ఉంటే వస్తుంది. ఈ మూడూ పద్దెనిమిదో ఏట మొదలుపెడితే కుదరవు. పదహారు నిండగానే మొదలుపెట్టాలి.

ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హోమ్‌లలో పనిచేసే సూపరింటెండెంట్లు, హౌస్ మదర్లు, కౌన్సెలర్లు, సోషల్ వర్కర్ల కోసం రాసింది. వారం వారం వచ్చే వాలంటీర్లకు కూడా పనికొస్తుంది.

చట్టం ఇచ్చేది ఏమిటి

2015 బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ ప్రకారం, 18 నిండి హోమ్ వదిలే పిల్లలకు సమాజంలో కుదురుకోవడానికి ఆర్థిక సాయం ఇవ్వవచ్చు. దీన్నే ఆఫ్టర్‌కేర్ అంటాం. ఆ చట్టం కింద కేంద్రం చేసిన 2016 మోడల్ రూల్స్ ప్రకారం ఇది 21 ఏళ్ల దాకా ఉంటుంది. ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు పొడిగించవచ్చు. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే గ్రూప్ హౌసింగ్, శిక్షణ కాలంలో స్టైపెండ్, పై చదువుకు స్కాలర్‌షిప్, తరచూ పలకరించే కౌన్సెలర్ అన్నీ ఆ రూల్స్‌లో ఉన్నవే. కేంద్రం నడిపే బాలల రక్షణ పథకం మిషన్ వాత్సల్య 2022 మార్గదర్శకాల్లో ఆఫ్టర్‌కేర్‌కు నెలకు 4,000 రూపాయలు పెట్టారు.

వీటిలో ఏదీ దానంతటది రాదు. బాలల సంక్షేమ సమితి, అంటే మనం రోజూ అనే సీడబ్ల్యూసీ, ఆర్డర్ ఇవ్వాలి. దానికి ముందు ప్రొబేషన్ ఆఫీసరో, చైల్డ్ వెల్ఫేర్ ఆఫీసరో, కేస్ వర్కరో పోస్ట్ రిలీజ్ ప్లాన్ (హోమ్ వదిలాక పిల్లకు ఏం కావాలో చెప్పే ప్రణాళిక) రాసి, పిల్ల బయటికి వెళ్లే తేదీకి రెండు నెలల ముందే సమితికి ఇవ్వాలి. చాలాచోట్ల పని తప్పేది ఇక్కడే. ఇంటర్ పరీక్షల హడావుడిలో ప్లాన్ ఆలస్యమవుతుంది, ఆర్డర్ రాకముందే పుట్టినరోజు దాటిపోతుంది, "తాత్కాలికంగా" బంధువుల ఇంటికి పంపేస్తారు. అలా వెళ్లిన పిల్లను మళ్లీ పట్టుకోవడం చాలా కష్టం. అందుకే ప్రతి పిల్ల 18 నిండే తేదీ రాసిన చార్టు ఆఫీసు గోడ మీద ఉండాలి. ఆ తేదీకి ఆరు నెలల ముందు చిత్తు ప్లాన్, మూడు నెలల ముందు జిల్లా బాలల పరిరక్షణ విభాగంతో మాట, రెండు నెలల ముందు సమితి చేతికి ప్లాన్ అని పెట్టుకోండి.

ఒక్క మనిషి

హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బు లాంటి కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది నిలకడైన మనుషులుగా ఎదిగారు. వాళ్లలో ఎక్కువగా కనబడిన అంశాల్లో ఒకటి, తమను మనస్ఫూర్తిగా పట్టించుకున్న పెద్దమనిషి కనీసం ఒకరు ఉండటం. అమ్మానాన్నే కానక్కర్లేదు. అమ్మమ్మ, టీచరు, పక్కింటావిడ ఎవరైనా సరే.

హోమ్‌లో దీన్ని ఏర్పాటు చేసే పద్ధతి ఇది. పదహారు నిండిన ప్రతి పిల్లనూ "నీకు కష్టమొస్తే మొదట ఎవరికి చెప్తావు?" అని విడిగా అడగండి. వంటమనిషి పేరు చెప్పినా, వాచ్‌మన్ భార్య పేరు చెప్పినా కొట్టిపారేయకండి. డ్యూటీ చార్టు చూసి మీరు కేటాయించిన మనిషి కంటే పిల్ల ఎంచుకున్న మనిషే నయం. ఆ మనిషి నేపథ్యాన్ని సూపరింటెండెంట్ విచారించి సరేనంటే, వారానికి అరగంట, ఒకే రోజు, ఒకే సమయం అని ఖాయం చేయండి. ఆ అరగంటలో చదువు గురించి క్లాసు పీకకూడదు. పక్కపక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మాట్లాడుకున్నా చాలు. ఆ మనిషి సెలవు మీద వెళ్తుంటే ఎప్పుడు వెళ్తున్నదీ, ఏ రోజు తిరిగొచ్చేదీ ముందే చెప్పాలి. బదిలీ అయితే కొత్తవాళ్లతో కలిపి కనీసం మూడుసార్లు కూర్చోవాలి. చెప్పకుండా మాయమైన మనుషులు ఈ పిల్లల జీవితంలో ఇప్పటికే ఎక్కువ.

వాలంటీర్ల విషయంలో గట్టిగా ఉండండి. కనీసం ఏడాది పాటు నెలకు రెండుసార్లు వస్తామని రాసిచ్చేవాళ్లకే ఒక పిల్లను అప్పజెప్పాలి. పుట్టినరోజు కేకు కోసి, ఫొటో దిగి, "పండక్కి మా ఇంటికి తీసుకెళ్తా" అని మాటిచ్చి మళ్లీ కనబడనివాళ్ల వల్ల జరిగే నష్టం మనకు కనబడదు. తర్వాత వచ్చే మంచి మనిషిని కూడా ఆ పిల్ల నమ్మదు. ఇక ఆ ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టడం నేరం. పిల్లల గుర్తింపు బయటపెడితే చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ మాట గేటు దగ్గరే రాసిపెట్టండి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేర్వేరు హోమ్‌లలో ఉంటే వారానికోసారి ఫోను, నెలకోసారి కలయిక తప్పనిసరి చేయండి. బయటికి వెళ్లాక ఈ పిల్లలకు మిగిలే బంధుత్వం చాలాసార్లు అదొక్కటే.

నిర్ణయాలు అలవాటు చేయడం

హోమ్‌లో అన్నీ బెల్లు ప్రకారం నడుస్తాయి. లేవడం, తినడం, చదవడం, పడుకోవడం దేనికీ పిల్ల ఆలోచించక్కర్లేదు. పదిహేడేళ్లు వచ్చినా కూరగాయల బేరం తెలియదు, బస్సు తప్పిపోతే ఏం చేయాలో తెలియదు. క్రమశిక్షణ బాగుందని పేరున్న హోమ్‌లలోనే ఈ లోటు ఎక్కువగా కనబడుతుంది.

పదహారో ఏట సబ్బు, షాంపూ, ప్యాడ్లు, నోటుపుస్తకాల జాబితా పిల్లే రాసి, స్టాఫ్ తోడుగా కొట్టుకెళ్లి కొనాలి. బిల్లు, చిల్లర లెక్క తేవాలి. పండగ బట్టలు అందరికీ ఒకే థాను నుంచి కుట్టించే బదులు, పదహారు దాటినవాళ్లకు ఆ డబ్బు చేతికిచ్చి ఎంచుకోనివ్వండి. నచ్చనిది కొనుక్కొచ్చి నెల తిరక్కుండానే బాధపడితే పడనివ్వండి. అది కూడా పాఠమే. మీరు "నేను చెప్పలేదా" అనకుండా ఉంటే చాలు.

పదిహేడో ఏట వంట. హోమ్‌లో వంటలో సాయపడిన పిల్లలు యాభై మందికి ఉల్లిపాయలు తరగ్గలరు గానీ ఇద్దరికి ఎంత ఉప్పు వేయాలో చెప్పలేరు. అందుకని ఆదివారం ఒక చిన్న స్టవ్ మీద ఇద్దరిద్దరు చొప్పున ఇద్దరికి సరిపడా మాత్రమే వండాలి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, పాత బియ్యమైతే కొంచెం ఎక్కువ. పప్పు, ఒక వేపుడు, రసం, గుడ్డు కూర వస్తే నెల గడిచిపోతుంది. మనిషికి రోజుకు పావుకిలో బియ్యం లెక్కన నెలకు ఏడున్నర కిలోలు, రోజుకు 50 గ్రాముల చొప్పున పప్పు కిలోన్నర. ఈ లెక్కలు పిల్లే వేసి పుస్తకంలో రాసుకోవాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చు ముట్టుకోకూడదు, రెగ్యులేటర్ కట్టేసి కిటికీలు తీయాలి అని చేయించి చూపించండి. ఇది నేర్పడం వరకే. సిబ్బంది తక్కువున్నారని పిల్లలను వంటింట్లో పనికి పెట్టడం వేరే సంగతి, అది చేయకూడదు.

ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకోవడం, బ్యాంకులో స్లిప్పు రాయడం, ఊరికి ఒంటరిగా బస్సులో వెళ్లి రావడం, ఫోనులో ఉద్యోగం గురించి మాట్లాడటం కూడా ఒక్కొక్కటి మూడుసార్లు చేయించాలి. మొదటిసారి మీరు చేస్తుంటే చూస్తుంది, రెండోసారి మీరు పక్కనుండగా చేస్తుంది, మూడోసారి ఒంటరిగా చేసి వచ్చి చెప్తుంది.

హోమ్ నిర్వహణలో కూడా పిల్లల మాట ఉండాలి. 6-10, 11-15, 16-18 ఏళ్ల వాళ్లకు విడివిడిగా పిల్లల కమిటీలు ఉండాలని రూల్స్ చెబుతున్నాయి. సలహాల పెట్టె ఆఫీసుకు దూరంగా, పిల్లలు పడుకునే గదుల దగ్గర ఉండాలి. చీటీ వేసినవాళ్లెవరో ఆరా తీయడం మొదలైతే ఆ పెట్టెలో ఇక చీటీ పడదు.

డబ్బు

జీతం 12,000 అనుకుని కాగితం మీద లెక్క వేయించండి. తిండితో కలిపి హాస్టల్ 6,000, బస్సు 1,200, ఫోను 300, సబ్బులూ సామాన్లూ 700, బట్టలూ మందులూ 800, పొదుపు 1,500. మిగిలిన 1,500 చేతిఖర్చు. మీ ఊరి ధరలు పెట్టి మార్చుకోండి. తర్వాత అదే లెక్కను 9,000కు వేయమనండి. ఎక్కడ కోత పెట్టాలో ఆలోచించడమే అసలు అభ్యాసం.

మొదటి జీతం పని మొదలుపెట్టిన 30 నుంచి 40 రోజులకు గానీ రాదు. హాస్టల్‌వాళ్లు మాత్రం అడ్వాన్సు, మొదటి నెల డబ్బు ముందే అడుగుతారు. చాలామంది పిల్లలు జారిపోయేది ఈ సందులోనే. లోన్ యాప్‌లో అప్పు చేస్తారు, లేదా "మా దగ్గర ఉండు" అన్నవాళ్ల దగ్గరికి ముందూవెనకా చూడకుండా వెళ్తారు. కనీసం రెండు నెలల ఖర్చు ఖాతాలో పడేదాకా బయటికి పంపే తేదీ ఖాయం చేయకండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని, స్నేహితుల అప్పుకు జామీను సంతకం పెట్టొద్దని పదిసార్లయినా చెప్పండి.

ఆఫ్టర్‌కేర్ డబ్బు పడుతోందని తెలియగానే ఏళ్ల తరబడి రాని మేనమామో పెదనాన్నో రావచ్చు. అడిగినవాళ్లకు కాదని చెప్పడం ఈ పిల్లలకు చాలా కష్టం, ఎందుకంటే ఆ చుట్టరికం కోసం వాళ్లు ఎన్నాళ్లుగానో ఎదురుచూశారు. "మామయ్యా, నా దగ్గర ఈ నెలకు సరిపడానే ఉంది, ఇవ్వలేను" అనే మాటను పాత్రలు వేసి నోటితో పలికించండి. వినడానికి చిన్నపనే, ఆ మాట ఒకసారి నోట పలికిన పిల్ల రెండోసారి అంత తడబడదు.

కాగితాలు

మొదట పేరు. తొమ్మిది, పది తరగతుల్లో బోర్డుకు నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపకముందే పిల్ల పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూడండి. టెన్త్ మెమోలో తప్పు పడితే దిద్దించుకోవడం నెలల తరబడి పని. అప్పటికే తేడా ఉంటే మెమోను ఆధారంగా చూపి ఆధార్ మార్పించడమే తేలిక.

ఆధార్‌లో 15 నిండాక వేలిముద్రలు, కంటిపాప, ఫొటో కొత్తగా ఇవ్వడం తప్పనిసరి. 17 లోపు ఇది ఉచితం. ఇవ్వకపోతే స్కాలర్‌షిప్ దగ్గర, పరీక్షల రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతారు. ఇంకో పెద్ద చిక్కు ఫోన్ నంబరు. చాలామంది పిల్లల ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు సూపరింటెండెంట్ నంబరే ఉంటుంది. ఆమె బదిలీ అయ్యాక ఓటీపీ ఎవరికో వెళ్తుంది. బయటికి వెళ్లే ముందే పిల్ల సొంత సిమ్ నంబరు రెండింటికీ కలపాలి.

బ్యాంకు ఖాతా మైనర్‌గా తెరిచినదైతే 18 నిండగానే కొత్త కేవైసీ, కొత్త సంతకం ఇవ్వాలి. అప్పటిదాకా డబ్బు తీయనివ్వకపోవచ్చు. పుట్టినరోజు తర్వాతి వారంలోనే బ్యాంకుకు తీసుకెళ్లండి. ఓటు కార్డుకు 17 నిండగానే ముందస్తుగా ఫారం 6 పెట్టుకోవచ్చు.

చాలామందికి తెలియని ఒక హక్కు ఉంది. పదేళ్లలోపే తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసేవాళ్లెవరూ లేక, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన అనాథాశ్రమంలోనో బడిలోనో చేరిన పిల్లలు బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. కులం తెలియదని ఫారంలో ఓసీ అని రాసేసి సీటు, ఫీజు రెండూ పోగొట్టుకున్న పిల్లలకు ఇది అక్కరకొచ్చేది. తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, సీడబ్ల్యూసీ ఆర్డర్లు, హోమ్ ఇచ్చే సర్టిఫికెట్ కలిపి తహసీల్దారు దగ్గర దరఖాస్తు పెట్టించండి. ఇంటర్‌లో ఉన్నప్పుడే చేయాలి, కౌన్సెలింగ్ తేదీలు వచ్చాక కాదు.

వీటితో పాటు టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, టీకాల వివరం, బ్లడ్ గ్రూపు, వాడుతున్న మందుల చీటీ. అసలు కాగితాలు పిల్ల చేతికే ఇవ్వాలి. "పోగొట్టుకుంటారు" అని హోమ్‌లో దాచిపెట్టకండి. ఒక జిరాక్స్ సెట్టు హోమ్‌లో, ఒక కాపీ డిజిలాకర్‌లో ఉంటే పోయినా భయం లేదు.

ఇక ఫైలు. తాను హోమ్‌కు ఎలా వచ్చిందో, ఎవరు తెచ్చారో, ఏం రాసి ఉందో తెలుసుకునే హక్కు పిల్లకుంది. కౌన్సెలర్ పక్కన ఉండగా, పరీక్షలు లేని రోజుల్లో, రెండు మూడు దఫాలుగా చెప్పాలి. వెళ్లే రోజున గేటు దగ్గర చెప్పే మాట కాదిది.

మనసు కలత పడే రోజులు

సంక్రాంతి, దసరా సెలవులకు కొందరు ఇళ్లకు వెళ్లినప్పుడు మిగిలిపోయినవాళ్లు, చూడ్డానికి వస్తామన్నవాళ్లు రాని ఆదివారాలు, ఫలితాల రోజు, ప్రాణ స్నేహితురాలు హోమ్ వదిలిన వారం. ఈ తేదీలు ముందే తెలుస్తాయి కాబట్టి ఆ రోజుల్లో సిబ్బంది ఎక్కువ మంది ఉండేలా చూసుకోండి.

వెళ్లడానికి రెండు మూడు నెలల ముందు, అప్పటిదాకా బుద్ధిగా ఉన్న పిల్ల గొడవలు పడుతుంది, వస్తువులు విరగ్గొడుతుంది, పరీక్షకు వెళ్లనంటుంది. సిబ్బందికి అది విశ్వాసం లేకపోవడంగా కనబడుతుంది. అది భయం. "ఇంకెన్నాళ్లులే, రెండు నెలల్లో పోతావుగా" అనే మాట ఆ సమయంలో ఎంత కోసుకుపోతుందో ఊహించుకోండి. కోపంలో ఉన్నప్పుడు మిగతా పిల్లలను అక్కణ్ణించి పంపేయండి, గొంతు తగ్గించండి, మీద చేయి వేయకండి, మంచినీళ్లిచ్చి ఇరవై నిమిషాలు వదిలేయండి. సంగతి ఆ తర్వాత మాట్లాడొచ్చు. విరిగినదాన్ని బాగుచేయడంలో పిల్లను భాగం చేయడమే శిక్ష. కొట్టడం బాలల న్యాయ చట్టం 82వ సెక్షన్ కింద నేరం, తిండి మాన్పించడం అంతకన్నా తక్కువేం కాదు.

చచ్చిపోతానన్నా, చేతులు కోసుకున్నా "డ్రామా" అనకండి. "చనిపోవాలని ఉందా?" అని నేరుగా అడగండి. అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదు, అడిగేవాళ్లున్నారన్న ఊరట పుడుతుంది. ఒంటరిగా వదలకండి, బ్లేడ్లు, మాత్రలు, ఫినాయిల్ అందకుండా తీసేయండి, అదే రోజు జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడొచ్చు.

లైంగిక వేధింపు గురించి చెబితే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి, ఎందుకంటే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పిల్ల అన్న మాటలు అన్నట్టే రాసిపెట్టండి, నలుగురూ నాలుగుసార్లు అడక్కండి.

పెళ్లి సంబంధాలు

ఆడపిల్లల విషయంలో దీన్ని ప్రత్యేకంగా చూడాలి. ఏళ్లుగా రాని బంధువులు పదిహేడున్నరకు సంబంధంతో వస్తారు. విజిటర్ల రిజిస్టర్ తీసి వాళ్లు చివరిసారి ఎప్పుడొచ్చారో చూడండి. అమ్మాయితో విడిగా మాట్లాడండి, ఇంటికి వెళ్లి విచారించండి, ఆమెకు ఆఫ్టర్‌కేర్ అనే మరో దారి ఉందని వాళ్ల ముందు కాకుండా చెప్పండి. ఉండటానికి చోటు లేకే ఒప్పుకున్న పెళ్లిని ఆమె ఇష్టంగా లెక్కపెట్టకూడదు.

వెళ్లాక

మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు ఫోన్ చేయండి. తర్వాత మూడు నెలల పాటు వారానికోసారి, ఆపైన 21 నిండేదాకా నెలకోసారి. చేసే మనిషి ఆ ఎంచుకున్న మనిషే అయితే మేలు. "బాగున్నావా?" అంటే "బాగున్నా" అనే జవాబొస్తుంది. "రాత్రి ఏం తిన్నావు? హాస్టల్ డబ్బు కట్టావా? ఈ వారం ఎవరితో బయటికెళ్లావు? నిద్ర పడుతోందా?" అని అడిగితే సంగతులు బయటికొస్తాయి. రెండుసార్లు వరసగా ఎత్తకపోతే మూడోది చేసే బదులు మనిషే వెళ్లి చూడాలి.

పెద్దవాళ్లయ్యాక చిన్నపిల్లల హోమ్‌లో రాత్రి ఉండనివ్వడం కుదరదు, కాబట్టి "ఎప్పుడైనా వచ్చి ఉండొచ్చు" అని చెప్పకండి. పండగ భోజనానికి రమ్మనొచ్చు. అత్యవసరానికి దగ్గర్లో ఒక వర్కింగ్ హాస్టల్‌తో రెండు మూడు రాత్రులకు ముందే మాట్లాడి పెట్టుకోవచ్చు. ఇంతకుముందు వెళ్లి కుదురుకున్నవాళ్ల నంబర్లు, వాళ్ల ఒప్పుదలతో, కొత్తగా వెళ్లేవాళ్లకు ఇవ్వండి.

మొదటి ఉద్యోగం మూడు నాలుగు నెలల్లో పోవడం మామూలే. మేనేజర్ గొంతు పెంచగానే మానేసి వచ్చేస్తారు, ఆ సిగ్గుతో ఫోన్ ఎత్తరు. వెళ్లకముందే "ఉద్యోగం పోయిన రోజు నాకే మొదట చెప్పాలి, నేను తిట్టను" అని చెప్పి ఉంచండి. చెప్పిన రోజున తిట్టకుండా, మిగిలిన డబ్బెంత, హాస్టల్ ఎన్నాళ్లకు కట్టి ఉంది, కొత్త పనికి ఎక్కడ అడగాలి అని ముగ్గురు నలుగురి నంబర్లతో లెక్క మళ్లీ మొదలుపెట్టండి. జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి అదే వారం తెలియజేస్తే స్టైపెండ్ గురించి, శిక్షణ గురించి అడిగే వీలుంటుంది.